విహారయాత్ర మధ్యలో ఇంట్లో ఒకరు జబ్బుపడితే అక్కడే ఆగాలా, వెంటనే తిరిగి రావాలా?

ప్రశ్న: అరండల్‌పేట కోడలు, గుంటూరు

అందరికీ నమస్కారం. మేము గుంటూరు అరండల్‌పేటలో ఉంటాము. మా వారు, నేను, నాలుగేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప, అత్తయ్య గారు, మామయ్య గారు కలిసి ఇంట్లో ఆరుగురం. మామయ్య గారికి డెబ్బై దాటాయి, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, షుగరుకు ఇన్సులిన్‌తో పాటు మాత్రలు కూడా వాడతారు. మొన్న దసరా సెలవులకు అందరం విశాఖపట్నం మీదుగా అరకు వెళ్లాము. అక్కడ దిగిన రాత్రే బాబుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మరుసటి రోజు సాయంత్రానికి అత్తయ్య గారికి కూడా అవే మొదలయ్యాయి.

నేను అడగదలచుకున్నది జబ్బు గురించి కొంత, ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన వాదన గురించి ఎక్కువ. వెంటనే కారు ఎక్కి గుంటూరు చేరుకుని, కొత్తపేటలో బాబును పుట్టినప్పటి నుంచి చూస్తున్న డాక్టరు గారికే చూపించాలని మామయ్య గారు పట్టుబట్టారు. తెల్లవారేదాకా చూద్దామని మా వారు అన్నారు. పొగమంచులో ఘాట్ రోడ్డు దిగడానికి డ్రైవరు ఒప్పుకోకపోవడంతో ఆగిపోయాము గానీ, మాలో ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. ఉదయం అక్కడి ఏరియా ఆసుపత్రిలో చూపిస్తే ఓఆర్ఎస్, జింకు ఇచ్చి ఏయే లక్షణాలు కనిపిస్తే మళ్లీ తీసుకురావాలో వివరంగా చెప్పారు. ఇద్దరూ ఒకటి రెండు రోజుల్లో తేరుకున్నారు. పాప మాత్రం బొర్రా గుహలు చూడకుండానే తిరిగి వచ్చినందుకు ఇప్పటికీ బాధపడుతూనే ఉంది.

వచ్చే వేసవిలో మైసూరు, ఊటీ వెళ్లాలని మా వారి కోరిక. ఇక దూర ప్రయాణాలు వద్దని అత్తయ్య గారు అంటున్నారు. ఊరు కాని ఊరిలో ఎవరైనా జబ్బుపడితే ఆగాలా, బయలుదేరాలా అన్నది మీ ఇళ్లలో ఎలా నిర్ణయిస్తారు? భోజనం లోపలికి వెళ్లనప్పుడు మామయ్య గారి షుగరు, బీపీ మందుల విషయంలో ఏం చేయాలి? ఒకరు మంచాన పడితే మిగిలినవారు ఊరు చూడటానికి వెళ్లడం తప్పా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం: సూర్యారావుపేట మందుల షాపు, విజయవాడ

అమ్మా, సూర్యారావుపేటలో డాక్టర్ల వీధుల మధ్య చాలా ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. నేను ఫార్మసిస్టునే గానీ డాక్టరును కాను కాబట్టి, ఇందులో ప్రతి మాటనూ మీ డాక్టరు గారితో ఒకసారి సరిచూసుకోండి.

చిన్నపిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలైన మొదటి రోజున, దగ్గరలో డాక్టరు అందుబాటులో ఉంటే, ఉన్నచోట ఉండటమే మేలని నా గట్టి అభిప్రాయం. ఆ జబ్బులో పిల్లవాడిని ముందుగా దెబ్బతీసేది ఒంట్లోంచి వెళ్లిపోయే నీరు, లవణాలు. వాటిని తిరిగి ఒంట్లోకి పంపాలంటే ఒకరు పక్కన కూర్చుని, ఒకటి రెండు నిమిషాలకొక చెంచా చొప్పున గంటల తరబడి పట్టాలి, వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. ఘాట్ రోడ్డు మలుపుల్లో కుదుపులు తింటున్న కారులో ఇది సాధ్యం కాదు. పైగా అరకు నుంచి గుంటూరుకు దాదాపు 500 కిలోమీటర్లు. ఆ దారిలో అర్ధరాత్రి పిల్లవాడు వాడిపోతే కొత్తపేట డాక్టరు గారు ఎంత మంచివారైనా మీకు అందుబాటులో ఉండరు. కాబట్టి డ్రైవరు ఒప్పుకోకపోవడం మీకు మేలే చేసింది.

మీ మామయ్య గారి మాటలోనూ న్యాయం ఉంది. పిల్లవాడి ఒంటి తీరు తెలిసిన డాక్టరు సలహా కావాలని ఆయన కోరుకున్నారు, అది సహజమైన కోరిక. అయితే ఆ సలహా కోసం ఊరు చేరనక్కరలేదు. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ప్రకటించిన తర్వాత రిజిస్టర్డ్ డాక్టర్లు ఫోనులోనో వీడియోలోనో చూసి, పరిమితులకు లోబడి మందులు రాసి పంపవచ్చు. బయలుదేరే ముందే మీ డాక్టరు గారిని కలిసి, అవసరమైతే ఏ వేళల్లో ఫోను చేయవచ్చో అడిగి పెట్టుకోండి. అరకు ఆసుపత్రిలో రాసిన చీటీని ఫొటో తీసి గుంటూరు డాక్టరు గారికి పంపి, "ఇది సరేనా?" అని అడిగి ఉంటే మామయ్య గారి మనసు ఆ రాత్రే కుదుటపడేది.

అయితే ఏ పరిస్థితిలోనూ గదిలో ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. పిల్లవాడు ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, పొట్ట మీద చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే అది నెమ్మదిగా వెనక్కి వెళ్తున్నా, మగతగా పడి ఉండి పిలిస్తే పలకకపోయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా, తాగించిందంతా వాంతి అయిపోతున్నా, అది ఎంత రాత్రి అయినా సరే అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అప్పుడు కూడా వెళ్లవలసింది సొంత ఊరికి కాదు, దగ్గరలో ఇరవై నాలుగు గంటలూ డాక్టరు ఉండే ఆసుపత్రికి. మన ఉమ్మడి రాష్ట్రంలో 2005లో మొదలైన 108 అంబులెన్సు సేవ ఇప్పుడు తమిళనాడులోనూ కర్ణాటకలోనూ అదే నంబరుతో పనిచేస్తుంది. ఏ రాష్ట్రంలో ఉన్నా 112కు చేసినా సాయం అందుతుంది.

ఓఆర్ఎస్ గురించి కొంచెం విడమరచి చెప్పనివ్వండి, ఎందుకంటే షాపులో నేను ఎక్కువసార్లు సరిదిద్దేది దీనినే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. పేగుల్లో ఉప్పును, దానితో పాటు నీటిని లోపలికి లాగడానికి గ్లూకోజు తోడు కావాలి, అదీ ఈ పాళ్లలోనే కావాలి. అందుకే పెద్ద పొట్లాన్ని సరిగ్గా ఒక లీటరు నీటిలో ఒకేసారి మొత్తం కలపాలి. సగం పొట్లం గ్లాసులో వేసి మిగతా సగం దాచుకుంటే పాళ్లు తప్పుతాయి, చిక్కగా కలిపితే విరేచనాలు పెరిగే ప్రమాదం ఉంది. గ్లాసు నీటికి సరిపోయే 200 మి.లీ. చిన్న పొట్లాలు కూడా దొరుకుతాయి, ప్రయాణానికి అవే అనువు. కలిపిన నీటిని 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లు దాటిన పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 100 నుంచి 200 మి.లీ., అంతకంటే చిన్నవారికి 50 నుంచి 100 మి.లీ. పట్టాలి. పొట్లం దొరకని చోట లీటరు మరిగించి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలిపి పట్టవచ్చు. మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు తోడుగా మంచివే, కానీ ఓఆర్ఎస్ స్థానంలో అవి సరిపోవు.

మరొక ముఖ్య విషయం. అట్టపెట్టెల్లో తియ్యగా అమ్మే పానీయాలపై ఓఆర్ఎస్ అన్న మాట ఉండేది గానీ, వాటిలో చక్కెర మోతాదు ఈ సూత్రానికి ఎక్కడా దగ్గరగా ఉండేది కాదు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు, చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అటువంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. అయినా దారిలో ఏ చిన్న దుకాణంలోనైనా "ఓఆర్ఎస్ ఇవ్వండి" అని అడిగినప్పుడు చేతికి వచ్చినదాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉందో లేదో చూసుకోండి. ఒక తల్లి అది తెలియక పిల్లవాడికి రోజంతా పంచదార నీళ్లు తాగించడం చూస్తే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

జింకు మాత్రలు విరేచనాలు తగ్గగానే ఆపకండి. మీ బాబు వయసుకు రోజుకు 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు వాడమని డాక్టర్లు చెప్తారు. విరేచనాలను కట్టేసే లోపెరమైడ్ మాత్రలు చిన్నపిల్లలకు ఇవ్వకూడదు, జ్వరమో నెత్తురో ఉంటే పెద్దలకూ వద్దు. ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రలను చీటీ లేకుండా అడిగి వేసుకునే అలవాటు మన దగ్గర చాలా ఉంది. పిల్లల్లో ఎక్కువ విరేచనాలు వైరస్ వల్ల వచ్చేవి, వాటి మీద ఆ మందు పనిచేయదు. జ్వరానికి పారాసిటమాల్ బరువును బట్టి కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున, కనీసం నాలుగు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా ఇస్తారు. పిల్లల సిరప్పులు 5 మి.లీ.కు 120 లేదా 125 మి.గ్రా. ఉన్నవీ, 250 మి.గ్రా. ఉన్నవీ రెండు రకాలుగా దొరుకుతాయి. ఇంట్లో ఒకటి వాడుతూ ఊటీలో మరొకటి కొని, పాత కొలతతోనే పోస్తే మోతాదు రెట్టింపు అవుతుంది. అందుకని ఇంట్లో వాడే సీసానే వెంట తీసుకువెళ్లండి. జ్వరానికి, నొప్పికి వాడే నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు, కాబట్టి ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు.

అత్తయ్య గారికి మరుసటి రోజు రావడం గురించి ఒక మాట. ఇటువంటి వైరస్ ఒకటి రెండు రోజుల్లో ఇంట్లో మరొకరికి అంటుకుంటుంది. వాంతులు, విరేచనాలు శుభ్రం చేసినవారి చేతులే దాన్ని మోసుకువెళ్తాయి. శానిటైజరు దీని మీద అంతగా పనిచేయదు కాబట్టి సబ్బుతో నీళ్ల కింద చేతులు కడుక్కోవడం, జబ్బుపడినవారికి వేరే తువ్వాలు, వేరే గ్లాసు ఇవ్వడం, శుభ్రం చేసినవారు ఆ పూట ఇతరులకు అన్నం వడ్డించకపోవడం అవసరం.

సమాధానం: పటమట నివాసి, విజయవాడ

అండీ, పైన పెద్దాయన పిల్లల గురించి రాసినదానికి నేను కలపవలసింది ఏమీ లేదు. మీ మామయ్య గారి వయసే ఉన్న, ఇన్సులిన్ వాడే మా నాన్నగారిని కాశీ తీసుకువెళ్లిన అనుభవంతో పెద్దల విషయం మాత్రం రాస్తాను.

అన్నం తినలేదు కదా అని పెద్దవారికి షుగరు మందులన్నీ ఆపేయడం ఎంత ప్రమాదమో, అన్నం తినకపోయినా రోజూ వేసుకునేవన్నీ వేయడం కూడా అంతే ప్రమాదం. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు తిండి లేకపోయినా షుగరు పెరగవచ్చు కాబట్టి ఇన్సులిన్‌ను సొంతంగా పూర్తిగా మానకూడదు, మోతాదు మాత్రం డాక్టరు మార్చవలసి రావచ్చు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు తిండి లేనప్పుడు షుగరును బాగా పడేస్తాయి. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోతున్నప్పుడు షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, బీపీకి వాడే టెల్మిసార్టన్ లాంటి మందులు, ఒంటినొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్ జాతి మాత్రలు మూత్రపిండాలకో ఒంటి రసాయన సమతూకానికో ఇబ్బంది తేగలవు. డాపాగ్లిఫ్లోజిన్ వాడేవారిలో షుగరు మామూలుగా కనిపిస్తున్నా రక్తంలో కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉంది, అందువల్ల మీటరులో అంకె బాగుందని ధైర్యపడి కూర్చోకూడదు. వీటిలో ఏది ఎప్పుడు ఆపాలో, తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో ప్రయాణానికి ముందే మీ డాక్టరు గారి చేత ఒక కాగితం మీద రాయించుకోండి. ఇది అడిగితే ఏ డాక్టరూ కాదనరు. మేము ఆ కాగితాన్ని నాన్నగారి మాత్రల డబ్బాలోనే పెడతాము, దాని ఫొటో అందరి ఫోన్లలోనూ ఉంటుంది. ఒంట్లో బాగుండనప్పుడు నాలుగు గంటలకొకసారి షుగరు చూడాలి, అందుకు మీటరు, సరిపడా స్ట్రిప్పులు వెంట ఉండాలి.

షుగరు ఉన్న పెద్దలు ఓఆర్ఎస్ తియ్యగా ఉందని తాగరు. లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే కదా, ఒళ్లు ఎండిపోయేదానికంటే అది ఎంతో మేలని మా నాన్నగారికి నచ్చజెప్పడానికి డాక్టరు గారి చేత ఫోనులో చెప్పించవలసి వచ్చింది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడిగే తాగాలి.

మన ఊళ్ల మే నెల ఎండలో ఆపి ఉంచిన కారులో ఇన్సులిన్ వదిలేస్తే అది పాడవుతుంది. తెరిచిన ఇన్సులిన్ చాలావరకు 30 డిగ్రీల లోపు ఉంచితే 28 రోజులదాకా వాడవచ్చు. తడిగుడ్డ చుట్టిన సంచిలో పెట్టండి గానీ ఐసు ముక్కలకు ఆనించకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

రైలులో ఒంట్లో బాగాలేకపోతే 139కు ఫోను చేయండి, లేదా టీటీఈ గారికి చెప్పండి. రాబోయే స్టేషనులో డాక్టరు వచ్చి చూసే ఏర్పాటు ఉంది, కొద్దిపాటి రుసుము తీసుకుంటారు. కాశీ నుంచి తిరుగు ప్రయాణంలో నాన్నగారికి జ్వరం వచ్చినప్పుడు అలాగే చూపించాము. ఆ డాక్టరు గారు మొదట అడిగింది ఏయే మాత్రలు వేసుకుంటున్నారని. మాత్రల పేర్లు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక్కచోట రాసి ఉంచడం ఎంత పెద్ద సాయమో ఆ రోజు చూశాను.

డబ్బు విషయం కూడా ముందే చూసుకోండి. డెబ్బై ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా, ఆసుపత్రిలో చేరవలసి వస్తే కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును 2024 అక్టోబరులో కేంద్రం ప్రారంభించింది. పథకంలో ఉన్న ఆసుపత్రులలో ఇది ఇతర రాష్ట్రాలలోనూ వర్తిస్తుంది. ప్రైవేటు ఆరోగ్య బీమా ఉంటే ఏ ఆసుపత్రి నగదు లేకుండా చేర్చుకుంటుందో మైసూరుకూ కోయంబత్తూరుకూ ముందే చూసి పెట్టుకోండి, అత్యవసరంగా చేరినప్పుడు సాధారణంగా 24 గంటలలోపు కంపెనీకి తెలపాలి.

సమాధానం: మంగళగిరి టీచరు

పై ఇద్దరూ జబ్బు గురించి రాశారు కాబట్టి నేను మనుషుల గురించి రాస్తాను, మీ ప్రశ్నలో నాకు ఎక్కువ బరువుగా తోచింది అదే.

మీరు ఆ రెండు రాత్రులూ నిద్రపోయారా? మీరు రాయలేదు గానీ, బాబుకు చెంచాతో పట్టింది, పక్కబట్టలు ఉతికింది, అత్తయ్య గారికి గంజి కాచిపెట్టమని హోటలు వారిని బతిమాలింది ఎవరో నేను ఊహించగలను. మన ఇళ్లలో విహారయాత్రలో జబ్బు వచ్చిందంటే ఆ ఇంటి ఇల్లాలికి విహారం అక్కడితో ముగిసినట్టే. ఇది తల్లి ప్రేమ అని అందరూ గౌరవంగా చెప్పి పక్కకు తప్పుకుంటారు, అది నాకు నచ్చదు. ప్రయాణానికి ముందే మీ వారితో కూర్చుని, రాత్రి రెండు గంటల వరకు ఒకరు, తర్వాత ఒకరు మేలుకోవాలని మాట చేసుకోండి. ఎందుకంటే నిద్ర లేనివారు మరునాడు మందు మోతాదు తప్పుతారు, లేదా తామే మంచాన పడతారు. చూసుకునే మనిషి పడిపోతే ఆ ఇంటిని నిలబెట్టేది ఎవరు?

మిగిలినవారు ఊరు చూడటానికి వెళ్లడం తప్పు కాదు. జబ్బుపడినవారి గదిలో ఆరుగురు కూర్చుంటే వారికి విశ్రాంతి ఉండదు, అంటువ్యాధి అయితే మరొకరికి సోకుతుంది కూడా. ఒకరు గదిలో ఉండి, మిగిలినవారు పూట చొప్పున వెళ్లి రండి. మీ పాపను వాళ్ల నాన్నగారు బొర్రా గుహలకు తీసుకువెళ్లి ఉండవచ్చు, మరునాడు ఆయన గదిలో ఉండి మీరు వెళ్లి ఉండవచ్చు. తొమ్మిదేళ్ల పిల్లకు తమ్ముడికి జబ్బు చేసిందన్న భయం ఒకవైపు, తన ముచ్చట పోయిందన్న దుఃఖం మరొకవైపు ఉంటాయి. "తమ్ముడికి బాగోకపోతే నీకు గుహలు కావాలా?" అని ఎవరైనా అంటే ఆ పిల్ల తన దుఃఖాన్నే తప్పుగా అనుకుంటుంది. ఆ అవకాశం ఎవరికీ ఇవ్వకండి. ఇప్పటికైనా పాపతో ఆ సంగతి మాట్లాడి, మళ్లీ ఎప్పుడు తీసుకువెళ్తారో చెప్పండి.

మామయ్య గారి పట్టుదలను మొండితనంగా చూడకండి. ఊరు కాని ఊరిలో, డెబ్బై దాటిన వయసులో, మనవడు వాంతులు చేసుకుంటుంటే తాను ఏమీ చేయలేకపోవడం ఆయనను ఎంత కలచివేసి ఉంటుందో ఆలోచించండి. ఆయనకు ఒక పని అప్పగించండి. ఎన్నిసార్లు వాంతి అయింది, ఎప్పుడు మూత్రం పోశాడు, ఎప్పుడు మందు పడింది అన్నది వేళలతో సహా ఒక నోటుపుస్తకంలో రాసే బాధ్యత ఆయనదని చెప్పండి. అది ఉత్తుత్తి పని కాదు, డాక్టరుకు కావలసింది సరిగ్గా ఆ లెక్కే. నిర్ణయం ఎవరిదన్నది కూడా ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడే తేల్చుకోండి. అర్ధరాత్రి నలుగురూ నాలుగు మాటలు అనడం కంటే "డాక్టరు ఏది చెప్తే అది, డాక్టరు దొరికేదాకా ఫలానావారు చెప్పింది" అన్న ఒప్పందం ముందే ఉంటే ఎవరి గౌరవానికీ భంగం ఉండదు.

సూర్యారావుపేట బాబాయి గారితో నాకు ఒక్కచోట భేదం ఉంది. మొదటి రోజు ఉన్నచోటే ఉండమన్నది పిల్లలకూ ఆరోగ్యంగా ఉన్న పెద్దలకూ సరే. షుగరు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవారికైతే పరిస్థితి బాగున్నప్పుడే, పగటి వెలుగు ఉండగానే, కొండ దిగి పెద్ద ఆసుపత్రులున్న ఊరికి చేరడం మేలని నేను అనుకుంటాను. ఊటీ విషయంలో ఇది మరింత ముఖ్యం. మైసూరు వైపు దారి బందీపూర్ అడవి గుండా వెళ్తుంది. అక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మామూలు వాహనాలను అనుమతించరు, అంబులెన్సు లాంటి అత్యవసర వాహనాలకు మినహాయింపు ఉంది. రాత్రివేళ మీ సొంత కారుకు మిగిలేది కూనూరు, మెట్టుపాళయం మీదుగా కోయంబత్తూరు దిగే దారి. చీకటి పడే ముందే ఆలోచించుకోవలసిన విషయం ఇది.

ప్రశ్న అడిగినవారు: అరండల్‌పేట కోడలు, గుంటూరు

బాబాయి గారికి, పటమట అన్నయ్య గారికి, టీచరు గారికి నా హృదయపూర్వక ధన్యవాదాలు. టీచరు గారు రాసింది మా వారికి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, కాసేపటికి వచ్చి ఈసారి రాత్రి మొదటి వంతు తనదని చెప్పారు. నోటుపుస్తకం సంగతి మామయ్య గారికి చెప్తే, కాలమ్‌లు గీసి ఇప్పటి నుంచే సిద్ధం చేస్తానన్నారు.

బాబాయి గారూ, ఇంకొక్క సందేహం. బాబుకు తిరుమల ఘాట్ రోడ్డు మీద కూడా వాంతి అవుతుంది. ఊటీలో వాంతి అయితే అది మలుపుల వల్లనో, జబ్బు వల్లనో ఎలా తెలుసుకోవాలి? తిరిగి వచ్చిన తర్వాత జ్వరం వస్తే ఏం గమనించాలో కూడా చెప్పగలరా?

సమాధానం: సూర్యారావుపేట మందుల షాపు, విజయవాడ

అమ్మా, మలుపుల వాంతి కారు ఆగిన కొంతసేపటికి తగ్గుతుంది, పిల్లవాడు మళ్లీ ఆడుకుంటాడు, జ్వరం, విరేచనాలు ఉండవు. గదికి చేరి గంటలు గడిచినా వాంతులు ఆగకపోతే, తలనొప్పి గానీ జ్వరం గానీ తోడైతే అది ప్రయాణపు వాంతి కాదనుకోవాలి. ఘాట్ ఎక్కే ముందు కడుపు నిండా పెట్టకండి, ఖాళీగానూ ఉంచకండి, రెండు ఇడ్లీలు చాలు. ఫోను చూడనివ్వకుండా కిటికీ లోంచి దూరంగా చూడమనండి. ప్రయాణపు వాంతికి వాడే ప్రోమెథజైన్ మందు రెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు. మీ బాబుకైనా డాక్టరు రాసిన మోతాదులోనే, మందును బట్టి ప్రయాణానికి అర్ధగంటో గంటో ముందు ఇవ్వాలి, వాంతి మొదలయ్యాక ఇస్తే అంతగా ఫలితం ఉండదు.

నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు నిషేధం ఉంది కాబట్టి సరిగ్గా లీటరు పట్టే స్టీలు సీసా ఒకటి తీసుకువెళ్లండి, తాగడానికీ ఓఆర్ఎస్ కొలతకూ అదే పనికివస్తుంది.

పెద్దల విషయంలో టీచరు గారు చెప్పిన సవరణ సరైనదే, నేను దానిని ఒప్పుకుంటున్నాను. షుగరున్న పెద్దవారికి వాంతులు పట్టుకుంటే, పగలు ఉండగానే పెద్ద ఊరికి దించండి.

తిరిగి వచ్చాక జ్వరం వస్తే ఎక్కడెక్కడికి వెళ్లి వచ్చారో డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. అరకు, పాడేరు ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా ఉంది. దోమ కుట్టిన వారం తర్వాతే సాధారణంగా జ్వరం బయటపడుతుంది, కొన్నిసార్లు వారాలు, నెలలు కూడా పట్టవచ్చు. పొదల్లో, గడ్డిలో తిరిగి వచ్చినవారికి స్క్రబ్ టైఫస్ రావచ్చు, చంకలోనో నడుము దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పుండు ఉందేమో చూడాలి. దానికి వేరే మందు ఉంది, ఆలస్యం చేస్తే ప్రమాదం. డెంగీ అనుమానం ఉంటే పారాసిటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేయకూడదు. ఆ జ్వరంలో జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే జాగ్రత్తగా చూడవలసినవి. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి నెత్తురు, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు బయలుదేరే ముందు మామయ్య గారి డాక్టరు గారు రాసిచ్చిన కాగితం తీసుకుని ఒకసారి షాపుకు రండి. ఏ మందు ఎన్ని రోజులకు సరిపడా కావాలో, వాటిలో ఏవి ఊటీ లాంటి చోట అదే పేరుతో దొరకకపోవచ్చో కూర్చుని చూద్దాం.